ఒకరు నెల్లూరులో, ఇంకొకరు ఒంగోలులో: ఒకే కోడ్ కలిసి రాయడం ఎలా?

"అన్నా, మేము గూగుల్ మీట్‌లో స్క్రీన్ షేర్ పెట్టుకుని కోడ్ రాస్తున్నాం. పెయిర్ ప్రోగ్రామింగ్ అంటే అదే కదా?" కావలి నుంచి, కనిగిరి నుంచి, బెంగళూరు కంపెనీకి ఇంటి దగ్గర నుంచే పనిచేస్తున్నవాళ్ల నుంచి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అది కాదు. ఒకరు రాస్తుంటే ఇంకొకరు చూస్తూ కూర్చుంటే దాన్ని డెమో అంటారు. పెయిర్ ప్రోగ్రామింగ్‌లో ఇద్దరి బుర్రా ఒకే సమస్య మీద పనిచేయాలి, కీబోర్డు చేతులు మారుతుండాలి, మాట ఆగకూడదు.

ఏ టూల్ వాడాలని అందరూ అడుగుతారు. అది పది నిమిషాల్లో తేలిపోయే సంగతి. మన దగ్గర అసలు చిక్కు వేరే ఉంది. చిన్నవాళ్లు "అన్న"నో "సార్"నో ఎదురు అడగరు. అర్థం కాకపోయినా "ఆఁ, సరేనన్నా" అంటారు. పక్కన కూర్చుంటే మొహం చూసి కనిపెట్టొచ్చు. అవతల కెమెరా ఆఫ్‌లో ఉంటే ఆ "సరే" నిజమో మొహమాటమో తెలియదు. కింద చెప్పిన పద్ధతిలో సగం ఈ "సరే"ని పట్టుకోవడానికే.

ముందు కావాల్సినవి

మైక్ ఉన్న ఇయర్‌ఫోన్స్ ఇద్దరికీ ఉండాలి. వైరు ఉన్నవి చాలు. ల్యాప్‌టాప్ స్పీకర్‌తో మాట్లాడితే ఇంట్లో మిక్సీ, టీవీ, వీధిలో కూరగాయల బండి మైకు అన్నీ అవతలివాళ్లకు వినిపిస్తాయి. కెమెరా లేకపోయినా నడుస్తుంది కానీ మాట సరిగా వినపడకపోతే పనే జరగదు.

వీఎస్ కోడ్ (కోడ్ రాసుకునే ఎడిటర్), అందులో లైవ్ షేర్ ఎక్స్‌టెన్షన్ (ఇద్దరూ ఒకే ఫైల్లో రాసేలా చేసేది), గిట్ (కోడ్ మార్పులను గుర్తుపెట్టుకునే టూల్), గిట్‌హబ్ (ఆ కోడ్‌ను నెట్‌లో దాచుకునే చోటు) ఖాతా. ఇవన్నీ ఉచితమే.

మాట్లాడుకోవడానికి గూగుల్ మీట్. ఉచిత ఖాతాలో ఇద్దరే ఉంటే 24 గంటల దాకా కాల్ తెగదు. ముగ్గురు చేరితే గంటకు ఆగిపోతుంది. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకే తెగిపోతుంది. కొందరు దాన్నే బ్రేక్ గంటగా వాడుకుంటున్నారు, అదీ మంచి ఉపాయమే.

నెట్‌కు రెండో దారి. బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోండి. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ నిలబడినా రౌటర్ ఆగిపోతుంది కాబట్టి రౌటర్‌కు చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఒకటి కొనుక్కుంటే మేలు. కొనే ముందు రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టేజీ చూడండి, కొన్ని రౌటర్లకు 12 కాదు. కార్తీక మాసం వానల్లో కోస్తా మండలాల్లో ఉండేవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద బండి లాగేవాళ్లు వీడియో ఆపేయండి. స్క్రీన్ షేర్ గంటకు వందల ఎంబీలు తినేస్తుంది. లైవ్ షేర్ బొమ్మను పంపదు, మీరు కొట్టిన అక్షరాలనే పంపుతుంది కాబట్టి డేటా చాలా తక్కువ పడుతుంది.

ఇక చేయాల్సినవి

1. పని చిన్నదిగా కోసుకోండి.

"ప్రాజెక్టు చేద్దాం" అని కూర్చుంటే ఒక గంట కబుర్లతోనే పోతుంది. 45 నిమిషాల్లో అయ్యే ముక్క ఒకటి తీసుకోండి. నేర్చుకునేవాళ్లతో నేను మొదట ఇచ్చే లెక్క ఇది: వడ్లు కిలోల్లో ఇస్తే ఎన్ని పుట్లు, మిగిలినవి ఎన్ని కిలోలు అని చెప్పే పైథాన్ ఫంక్షన్. నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. 2000 కిలోలు ఇస్తే 2 పుట్లు, 300 కిలోలు రావాలి. ఇంట్లో వ్యవసాయం ఉన్న పిల్లలకు జవాబు సరైందో కాదో కంప్యూటర్ చెప్పక్కర్లేదు, వాళ్లకే తెలుస్తుంది. మొదటి లెక్కకు అదే కావాలి.

కాలేజీలు వేరైతే ఒకటి గమనించండి. నెల్లూరు వైపు చాలా కాలేజీలు అనంతపురం జేఎన్‌టీయూ కింద, ఒంగోలు వైపువి కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉంటాయి. పాఠాలు ఒకే క్రమంలో నడవవు. ఒకరికి ఫంక్షన్లు అయిపోయి ఉంటాయి, ఇంకొకరు ఇంకా లూప్‌ల దగ్గరే ఉంటారు. ఇద్దరికీ వచ్చిన దాంతో అయ్యే పని ఎంచుకోండి.

2. మాట సరిచూసుకోండి, ఆ తర్వాతే కోడ్.

ఒకరు ఏదైనా ఒక లైను చదవండి, రెండోవాళ్లు తిరిగి చెప్పండి. గొంతు తెగుతుంటే వీడియో ఆపండి. అప్పటికీ తెగుతుంటే మామూలు ఫోన్ కాల్ చేసుకుని మాట అటు, కోడ్ ఇటు విడగొట్టండి. జాగ్రత్త: హాట్‌స్పాట్ ఇస్తున్న ఫోన్ నుంచే కాల్ చేస్తే, అందులో వోల్టీ (4జీ నెట్ మీదే కాల్ నడిచే సదుపాయం) ఆన్‌లో లేకపోతే డేటా ఆగిపోవచ్చు. ఒకసారి చేసి చూసుకోండి, లేదా కాల్‌కు నాన్న ఫోనో అమ్మ ఫోనో తీసుకోండి.

3. కోడ్ పంచుకునే దారి ఒకటి ఎంచుకోండి.

మొదటి దారి లైవ్ షేర్. ఇద్దరూ గిట్‌హబ్ ఖాతాతో సైన్ ఇన్ అవ్వండి. ఒకరు ప్రాజెక్టు ఫోల్డర్ తెరిచి షేర్ నొక్కితే లింకు కాపీ అవుతుంది. దాన్ని రెండోవాళ్లకు పంపండి. వాళ్లు వీఎస్ కోడ్‌లో గానీ బ్రౌజర్‌లో గానీ తెరవొచ్చు. ఇక ఇద్దరి కర్సర్లూ ఒకే ఫైల్లో కనపడతాయి. అందరూ మరిచిపోయే సంగతి ఒకటుంది: ఫైళ్లన్నీ షేర్ చేసినవాళ్ల కంప్యూటర్‌లోనే ఉంటాయి. వాళ్ల నెట్ పోతే సెషన్ పోతుంది, చేరినవాళ్ల దగ్గర ఏమీ మిగలదు. కాబట్టి ఎవరి కరెంటు, నెట్ గట్టిగా ఉంటే వాళ్లే షేర్ చేయాలి. పెద్దవాళ్లా చిన్నవాళ్లా అన్నది చూడొద్దు.

రెండో దారి గిట్‌తో చేతులు మార్చడం. నెట్ బాగా మందంగా ఉండే ఊళ్లకు నేను ముందు దీన్నే చెబుతాను. ఒక బ్రాంచ్ (అసలు కోడ్‌ను కదపకుండా విడిగా రాసుకునే దారి) తెరవండి. ఒకరు పది నిమిషాలు రాసి, సగంలో ఉన్నా సరే కమిట్ చేసి (అక్కడిదాకా రాసింది గిట్‌లో భద్రపరచి) పుష్ చేస్తారు (గిట్‌హబ్‌కు పంపుతారు). రెండోవాళ్లు పుల్ చేసి (దాన్ని తమ కంప్యూటర్‌లోకి తెచ్చుకుని) అక్కడి నుంచి అందుకుంటారు. మాట మాత్రం ఫోన్‌లో నడుస్తూనే ఉండాలి. ఖర్చయ్యే డేటా కేబీల్లోనే. దీన్ని సులువు చేయడానికి మాబ్ అనే చిన్న టూల్ ఉంది: మాబ్ స్టార్ట్‌తో మొదలు, మాబ్ నెక్స్ట్‌తో చేయి మార్పు, మాబ్ డన్‌తో ముగింపు.

మూడోది ఉత్త స్క్రీన్ షేర్. రెండోవాళ్ల దగ్గర ల్యాప్‌టాప్ లేక ఫోనే ఉంటే ఇది తప్పదు. అప్పుడు అక్షరాల సైజు 20 దాకా పెంచండి, తెల్ల థీమ్ పెట్టండి, లైన్ నంబర్లు కనపడేలా చూడండి. "ఆ పైన, కొంచెం కింద" అనుకోకుండా "పద్నాలుగో లైను" అనుకోవచ్చు.

గూగుల్ కోల్యాబ్‌ను (బ్రౌజర్‌లోనే పైథాన్ రాసి నడిపే చోటు) కూడా చాలామంది వాడుతున్నారు. అందులో ఇద్దరూ ఒకేసారి టైప్ చేస్తే సేవ్ కాలేదు, ఫైల్ వేరేచోట మారిందని మెసేజ్ వస్తుంది, ఒకరు రాసింది పోవచ్చు. అక్కడ ఎప్పుడూ ఒకరే రాయాలి.

4. మూయాల్సినవి మూయండి.

నోటిఫికేషన్లన్నీ ఆపండి. వాట్సాప్ వెబ్ మూసేయండి. స్క్రీన్ మీద పెళ్లి ఫోటోలు కనపడితే నవ్వుకుని ఊరుకుంటాం, బ్యాంకు ఓటీపీ కనపడితే ఊరుకోలేం. లైవ్ షేర్‌లో మొత్తం డాక్యుమెంట్స్ ఫోల్డర్ తెరవొద్దు, ఆ పనికి సంబంధించిన ఫోల్డర్ ఒక్కటే తెరవండి. పాస్‌వర్డులు, ఏపీఐ కీలు (పాస్‌వర్డులాంటి రహస్య కోడ్‌లు) ఉన్న ఫైల్ అందులో ఉంటే ముందు బయటికి తీసేయండి. టెర్మినల్ (కంప్యూటర్‌కు ఆదేశాలు టైప్ చేసే కిటికీ) షేర్ చేసేటప్పుడు చదవడానికి మాత్రమే అనుమతి ఇవ్వండి. రాసే అనుమతి ఇస్తే అవతలివాళ్లు మీ కంప్యూటర్‌లో ఏ ఆదేశమైనా నడపొచ్చు. ముక్కూమొహం తెలియనివాళ్లు "రిమోట్ యాప్ వేసుకో, నేనే సరిచేస్తా" అంటే వద్దు. సైబర్ మోసాలు జరిగే దారి అదే.

నేర్చుకునే సెషన్ అయితే కోడ్‌ను ముందే రాసి చూపించే ఏఐ సూచనలు కూడా ఆపండి. బూడిద రంగు అక్షరాలు కనపడగానే చేయి ట్యాబ్ మీదికి పోతుంది, నోరు మూతపడుతుంది.

5. తక్కువ తెలిసినవాళ్ల చేతికే కీబోర్డు ఇవ్వండి.

టైప్ చేసేవాళ్లను డ్రైవర్ అని, దారి చెప్పేవాళ్లను నేవిగేటర్ అని అంటారు. ఎక్కువ తెలిసినవాళ్లు డ్రైవర్ అయితే చేయి పరిగెడుతుంది, రెండోవాళ్లు చూస్తూ ఉండిపోతారు. అందుకే మొదటి విడతలో అన్న చెప్పాలి, తమ్ముడో చెల్లెలో కొట్టాలి. పదీ పదిహేను నిమిషాలకు ఫోన్‌లో అలారం పెట్టి మార్చుకోండి. అలారం మోగినప్పుడు వాక్యం మధ్యలో ఉన్నా మార్చేయండి. "ఈ ఒక్క లైను అయిపోనీ" అన్నారంటే ఆ లైను అరగంట అవుతుంది.

6. చెప్పేది మూడు మెట్లుగా చెప్పండి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ముందు ఏం కావాలో చెప్పండి, ఆగండి. అవతల కదలిక లేకపోతే ఎక్కడో చెప్పండి, మళ్లీ ఆగండి. అప్పటికీ కాకపోతేనే అక్షరం అక్షరం చెప్పండి. పుట్టి లెక్కలో అది ఇలా నడుస్తుంది:

"మొత్తం కిలోల్లో నిండు పుట్లు ఎన్నున్నాయో కావాలమ్మా."

(పది సెకన్లు మౌనం. ఏమీ అనకండి.)

"భాగించాలా అన్నా?"

"ఆఁ, చేసి చూడు."

ఆమె మామూలు భాగహారం గుర్తు కొడుతుంది, 2.35 అని వస్తుంది. ఇక్కడ అన్న గబుక్కున "రెండు స్లాష్‌లు పెట్టు" అనేస్తే పాఠం అయిపోయినట్టే, ఆమెకు మాత్రం ఏమీ మిగలదు. "2.35 పుట్లు అంటే మీ నాన్న ఒప్పుకుంటాడా?" అని అడగండి. "ఒప్పుకోడన్నా, రెండు పుట్లు, పైన ఎన్ని కిలోలో చెప్పమంటాడు" అంటుంది. అప్పుడు "పైథాన్‌లో నిండు భాగం ఒక్కటే ఇచ్చే భాగహారం వేరే ఉంది, వెతుకు" అనండి. దొరకకపోతే అప్పుడు రెండు స్లాష్‌లు. శేషానికి పర్సెంట్ గుర్తు ఆమే చెబుతుంది.

పది సెకన్ల మౌనం భరించడం పెద్దవాళ్లకు కష్టం. కాల్ తెగిందేమో అనిపిస్తుంది. అందుకే ముందే ఒక ఒప్పందం చేసుకోండి: ఆలోచిస్తుంటే "చూస్తున్నా" అనాలి. ఆ మాట వినపడితే నేవిగేటర్ నోరు విప్పకూడదు.

7. టెస్టు ఒకరిది, కోడ్ ఇంకొకరిది.

కొంచెం అలవాటు పడ్డాక ఇలా ఆడండి. టెస్టు అంటే ఫలానాది ఇస్తే ఫలానా జవాబు రావాలని సరిచూసే చిన్న కోడ్. ఒకరు ఫెయిల్ అయ్యే టెస్టు రాస్తారు, రెండోవాళ్లు అది పాస్ అయ్యేలా కోడ్ రాసి, తర్వాతి టెస్టు తాము రాసి ఇస్తారు. 850 ఇస్తే 1 పుట్టి, 0 కిలోలు. 849 ఇస్తే 0 పుట్లు, 849 కిలోలు. తర్వాత ఎవరో ఒకరు మైనస్ 100 ఇస్తారు. పైథాన్ మైనస్ 1 పుట్టి, 750 కిలోలు అంటుంది. అదే సీ లాంగ్వేజీలో చేస్తే 0 పుట్లు, మైనస్ 100 కిలోలు వస్తుంది. ఎందుకలా అన్న దాని మీద ఇద్దరూ వాదించుకుంటే సెషన్ గిట్టుబాటైనట్టే. మైనస్ వడ్లు లేవు కదా, ముందే ఎర్రర్ ఇవ్వాలి అన్న దగ్గరికి చివరికి వాళ్లే వస్తారు.

8. గంటకోసారి లేవండి. రెండు గంటలు దాటితే ఆపేయండి.

9. ముగించేటప్పుడు కోడ్ ఇద్దరి దగ్గరా ఉండాలి.

లైవ్ షేర్ మూసే ముందు షేర్ చేసినవాళ్లు కమిట్ చేసి పుష్ చేయాలి, రెండోవాళ్లు పుల్ చేసి తమ మిషన్‌లో నడిపి చూడాలి. కమిట్ మెసేజ్ చివర ఒక ఖాళీ లైను వదిలి, ఇంగ్లీషులో Co-authored-by: అని రాసి, పక్కన రెండోవాళ్ల పేరు, కోణం బ్రాకెట్లలో వాళ్ల ఈమెయిల్ పెడితే గిట్‌హబ్ ఇద్దరి పేర్లూ చూపిస్తుంది. ఆ ఈమెయిల్ వాళ్ల గిట్‌హబ్ ఖాతాలో ఉన్నదే అయ్యుండాలి. ఉద్యోగాల్లో ఇది చిన్న విషయం కాదు. ఏడాది చివర అప్రైజల్‌లో "నువ్వేం చేశావు" అని అడిగినప్పుడు జూనియర్‌కు చూపించుకోవడానికి ఇదే ఉంటుంది.

పని జరిగిందో లేదో చూసుకోవడం

"అర్థమైందా?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు మన దగ్గర ఒకటే జవాబు వస్తుంది. దాని బదులు ఇవి చేయండి.

సెషన్ అయిన వెంటనే, తక్కువ తెలిసినవాళ్లు రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపాలి: ఏం చేశాం, ఎక్కడ ఆగాం, ఎందుకు అలా మార్చాం. తెలుగులోనే, వాళ్ల మాటల్లోనే. "ఎందుకు" దగ్గర గొంతు నసిగితే రేపు అక్కడి నుంచే మొదలుపెట్టాలని గుర్తు.

మరుసటి రోజు అదే ఫంక్షన్ చెరిపేసి ఒక్కరే మళ్లీ రాయాలి. కుదిరితే చిన్న మార్పుతో: పుట్టి రేటు కూడా ఇస్తే మొత్తం ఎంత వస్తుంది? ముందురోజు కోడ్ బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ దొరికిపోతారు.

ఇంకొకటి, అవతలివాళ్లు మిమ్మల్ని ఎన్నిసార్లు "ఎందుకన్నా?" అని అడిగారో గుర్తు చేసుకోండి. గంటలో ఒక్కసారీ అడగలేదంటే వాళ్లకు అన్నీ వచ్చైనా ఉండాలి, మీరు వాళ్లను మాట్లాడనివ్వకైనా ఉండాలి. రెండోదే ఎక్కువ. మర్నాడు మీరే కావాలని ఒక తప్పు దారి చెప్పి చూడండి. మారు మాట్లాడకుండా కొట్టేస్తే ఆపి, "నేను చెప్పింది తప్పు, ఎక్కడో కనుక్కో" అనండి. ఒకట్రెండు సార్లకే అన్న మాట కాదనొచ్చని ధైర్యం వస్తుంది. పరీక్ష దగ్గర్లో ఉన్నవాళ్లతో మాత్రం ఈ ఆట ఆడొద్దు, టెన్షన్ పెరుగుతుంది.

క్లాసులో చేయించే లెక్చరర్లకు

టాపర్‌ను, బాగా వెనకబడినవాళ్లను ఒక జంట చేయకండి. టాపర్ పని పూర్తి చేసేస్తాడు, రెండోవాళ్లు రికార్డు రాసుకుంటారు. ఇద్దరి మధ్య తేడా కొంచెమే ఉండాలి. బేసి సంఖ్య వస్తే ముగ్గురిని ఒకచోట పెట్టండి, ఒక్కరిని ఒంటరిగా వదలొద్దు. జంటలను రెండు మూడు వారాలకోసారి మార్చండి.

ఆడపిల్లల ఫోన్ నంబర్లు క్లాసు గ్రూపులో పెట్టి జంటలు కట్టొద్దు. మీట్ లింకులు మీరే చేసి ఇవ్వండి, నంబరు ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. కెమెరా తప్పనిసరి చేయొద్దు. ఒకటే గదిలో ఇంటిల్లిపాదీ ఉండే ఇళ్లున్నాయి. మైక్ మాత్రం తప్పనిసరి.

మార్కులు ఇచ్చేటప్పుడు జంటలో ఎవరిని అడగాలో చీటీ తీయండి. ఆ ఒక్కరు వైవాలో చెప్పిన దాన్ని బట్టి ఇద్దరికీ మార్కులు. మొదటి వారం గొడవ చేస్తారు. రెండో వారం నుంచి టాపర్లే పక్కవాళ్లకు కూర్చోబెట్టి నేర్పిస్తారు.

ఉద్యోగం చేసేవాళ్లకు

కంపెనీ ల్యాప్‌టాప్‌లో లైవ్ షేర్ వేసే ముందు అనుమతి అడగండి. కంపెనీ కోడ్‌ను సొంత గిట్‌హబ్ ఖాతాలోకి పుష్ చేయడం, ఎంత తొందరలో ఉన్నా, వద్దు.

"ఒక పనికి ఇద్దరా?" అని మేనేజర్ అంటే ఈ లెక్క చెప్పండి. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో 1999లో లారీ విలియమ్స్ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, జంటలకు మొత్తం పనిగంటలు 15 శాతం దాకా ఎక్కువయ్యాయి కానీ కోడ్‌లో తప్పులు తగ్గాయి. వాళ్లు పక్కపక్కన కూర్చున్నవాళ్లు, మనం దూరంగా ఉన్నాం, కాబట్టి అచ్చం అదే ఫలితం వస్తుందని మాట ఇవ్వొద్దు. రెండు వారాలు చేసి, కోడ్ రివ్యూలో (వేరేవాళ్లు కోడ్ చూసి తప్పులు చెప్పే దశలో) తిరిగొచ్చే మార్పులు తగ్గాయో లేదో చూపించండి. తగ్గకపోతే ఆపేయండి.

అన్ని పనులకూ జంట అక్కర్లేదు. ఒకే మార్పును ఇరవై ఫైళ్లలో చేయాలంటే ఒక్కరే చేసుకోవాలి. కొత్త లైబ్రరీ డాక్యుమెంటేషన్ చదవాలంటే విడివిడిగా అరగంట చదువుకుని కలవాలి. కొత్తగా చేరినవాళ్లకు కోడ్ పరిచయం చేయడం, ఎక్కడ ఉందో తెలియని బగ్, డబ్బు లెక్కలున్న కోడ్: వీటికి కూర్చోండి.

మధ్యలో ఏదైనా ఆగితే

లింకు తెరుచుకోకపోతే ముందు సెషన్ ఇంకా నడుస్తోందో లేదో చూడండి. షేర్ చేసినవాళ్లు వీఎస్ కోడ్ మూసి తెరిస్తే పాత లింకు పనిచేయదు, కొత్తది పంపాలి. షేర్ చేసినవాళ్ల బ్రౌజర్‌లో నడుస్తున్న పేజీ రెండోవాళ్లకు కనపడకపోతే సర్వర్ పోర్టును (ఆ పేజీ నడుస్తున్న నంబరును) లైవ్ షేర్‌లో విడిగా షేర్ చేశారో లేదో చూడండి. ఇద్దరూ ఒకే లైను మీద పడి కొట్టుకుంటుంటే అది టూల్ లోపం కాదు, డ్రైవర్ ఎవరో తేల్చుకోలేదన్నమాట. కరెంటు పోయి కాల్ తెగితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే అనుకోండి, లేకపోతే ఇద్దరూ ఒకేసారి చేసి ఇద్దరికీ బిజీ వస్తుంది. పది నిమిషాల్లో నెట్ రాకపోతే ఎదురుచూడకండి. తర్వాత రాయాల్సిన టెస్టులేంటో ఫోన్‌లోనే అనుకుని కాగితం మీద రాసుకోండి. కరెంటు వచ్చాక కాగితం ఎవరి దగ్గర ఉంటే వాళ్లు నేవిగేటర్.